కొత్త కాంపౌండ్ బోకి సైట్ కుదర్చడం: స్క్రూ తిప్పే ముందు, తిప్పిన తర్వాత

కొత్త కాంపౌండ్ బో, అంటే రెండు చివర్లా చక్రాలున్న విల్లు, చేతికి రాగానే చాలామంది చేసే పని ఒకటే. టార్గెట్ ముందు నిలబడి మూడు బాణాలు వేస్తారు. అవి ఎడమకి పోతే సైట్ (బోకి బిగించిన గురి పరికరం) స్క్రూ తిప్పుతారు. మళ్లీ మూడు వేస్తారు, ఈసారి కుడికి పోతాయి, మళ్లీ తిప్పుతారు. నా రెండో బోతో నేను మూడు వారాలు ఇలాగే పోగొట్టుకున్నాను. పొద్దున కుదిరిన సైట్ సాయంత్రానికి తప్పేది. తీరా చూస్తే సైట్‌లో ఏ లోపమూ లేదు. ఆ బో డ్రా లెంగ్త్, అంటే నారి వెనక్కి వచ్చే దూరం, నా ఒంటికి అర అంగుళం ఎక్కువగా ఉంది. ఆ అర అంగుళాన్ని సర్దుకోవడానికి నా ఒళ్లు బాణం బాణానికీ ఒక్కో రకంగా వంగుతోంది.

అందుకే ఈ వ్యాసంలో సైట్ సగం దాటాకే వస్తుంది. బాణాలు ఒకచోట గుంపుగా పడటం మీ పని. ఆ గుంపుని టార్గెట్ నడిమికి తేవడం మాత్రమే సైట్ పని. ఇక్కడ రాసినవన్నీ కుడిచేత్తో నారి లాగేవాళ్ల కోసం. మీది ఎడమచేతి వాటమైతే కుడిఎడమలు తారుమారు చేసుకోండి.

బాణం పెట్టకముందు

బాణం లేకుండా నారి లాగి వదలకండి. ఒక్కసారి కూడా వద్దు. బాణం మోసుకుపోవాల్సిన శక్తంతా అప్పుడు లింబ్‌ల (వంగే రెండు కొమ్ముల) మీద, క్యామ్‌ల (చివరి చక్రాల) మీద విరుచుకుపడుతుంది. లింబ్ పగలొచ్చు, నారి ఊడి ముఖానికి తగలొచ్చు. చూద్దామని తీసుకునే స్నేహితుల చేతుల్లో ఈ ప్రమాదం ఎక్కువ, అందుకే బో ఇచ్చే ముందే చెప్పేయండి.

బాణాలూ చూసుకోండి. కార్బన్ బాణాన్ని రెండు చివర్లా పట్టుకుని, ముఖానికి దూరంగా, మెల్లగా వంచుతూ నాలుగు వైపులా తిప్పండి. చిటపట చప్పుడు వినిపించినా, గోటికి చీలిక తగిలినా ఆ బాణాన్ని విరిచి పారేయండి. పక్కన పెడితే ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ అమ్ములపొదిలోకి చేరుతుంది. బాణం బరువు కూడా ముఖ్యమే. డ్రా వెయిట్‌లో, అంటే నారి లాగడానికి పట్టే బలంలో, ప్రతి పౌండుకి కనీసం 5 గ్రెయిన్లు (బాణం బరువుకి వాడే చిన్న కొలత) ఉండాలన్నది అందరూ పాటించే లెక్క. అంటే 50 పౌండ్ల బోకి 250 గ్రెయిన్ల కంటే తేలికైన బాణం వద్దు. తయారీదారు అంతకన్నా ఎక్కువ చెబితే ఆ మాటే వినండి. బాణం బిగువు, అంటే స్పైన్, మీ డ్రా వెయిట్‌కీ బాణం పొడవుకీ ములికి బరువుకీ సరిపోయేదై ఉండాలి. సరిపోని స్పైన్‌తో మీరు ఎంత బాగా వేసినా గుంపు కుదరదు.

టార్గెట్ వెనక బాణాన్ని ఆపేదేదో గట్టిగా ఉండాలి, అక్కడికి మనుషులు రాకూడదు. ఈ ఒక్క విషయంలో సందేహం ఉన్న రోజు బో బయటికి తీయకండి.

బో మీ ఒంటికి సరిపోయిందా

కాంపౌండ్ బోకి మొదటి పేటెంట్ 1969లో అమెరికాలోని మిస్సోరీకి చెందిన హాలెస్ విల్బర్ అలెన్‌కి వచ్చింది. ఆయన ఆలోచనలోని కిటుకు లెట్-ఆఫ్. నారి చివరిదాకా లాగేసరికి చక్రాలు బరువు మోస్తాయి. 50 పౌండ్ల బోకి 80 శాతం లెట్-ఆఫ్ ఉంటే, పూర్తిగా లాగాక మీ వేళ్ల మీద ఉండేది 10 పౌండ్లే. గురి చూసుకోవడానికి తీరిక దొరుకుతుంది. అయితే ఈ సుఖానికి ఒక షరతు ఉంది. మామూలు విల్లుని మీ చెయ్యి ఎంతవరకు వస్తే అంతవరకు లాగుతారు. కాంపౌండ్‌లో నారి ఎక్కడ ఆగాలో యంత్రమే నిర్ణయిస్తుంది, అక్కడ గోడ తగిలినట్టు ఆగిపోతుంది. ఆ గోడ మీకు సరైన చోట లేకపోతే ఒళ్లే వంగుతుంది.

రెండు చేతులూ చాచి, ఒక మధ్యవేలి కొస నుంచి ఇంకో మధ్యవేలి కొస దాకా కొలిపించుకోండి. దాన్ని 2.5తో భాగిస్తే డ్రా లెంగ్త్ ఉజ్జాయింపుగా వస్తుంది. 175 సెంటీమీటర్లుంటే 70, అంటే సుమారు 27.5 అంగుళాలు. ఇది మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకె మాత్రమే. అసలు సంగతి పూర్తిగా లాగినప్పుడు తెలుస్తుంది. ఎవరినైనా పక్కనుంచి ఫోటో తీయమనండి. నడుం వెనక్కి వాలి, తల వెనక్కి పోయి, నారి చెంపలోకి దిగబడి ఉంటే పొడవు ఎక్కువైంది. బో పట్టిన చెయ్యి మోచేతి దగ్గర బాగా మడిచి, అంతా ఇరుకుగా అనిపిస్తుంటే తక్కువైంది. ఈ రెంటిలో ఎక్కువ కావడమే నాకు ఎక్కువగా కనిపించిన తప్పు. పొడవు ఎక్కువుంటే వేగం వస్తుందని దుకాణాల్లో అంటారు. నిజమే, వేగం వస్తుంది. గుంపు పోతుంది.

డ్రా వెయిట్‌కి కుర్చీ పరీక్ష చాలు. టార్గెట్ ఎదురుగా కుర్చీలో కూర్చుని, బాణం పెట్టి, బోని ముందుకే చూపిస్తూ నిదానంగా లాగండి. లాగడానికి బోని ఆకాశం వైపు ఎత్తాల్సి వస్తే బరువు ఎక్కువే. పైనా కిందా ఉన్న లింబ్ బోల్టుల్ని సమానంగా వదులు చేయండి: పైది ఒక చుట్టయితే కిందిదీ ఒక చుట్టే. ఎన్ని చుట్లు దాటకూడదో బోతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, ఆ అంకె దాటితే లింబ్ ఊడివస్తుంది. బరువు తగ్గించుకోవడంలో నామోషీ లేదు. నలభై పౌండ్లతో రోజంతా హాయిగా వేసేవాళ్లు, అరవై పౌండ్లతో ఇరవై బాణాలకే వణికేవాళ్ల కంటే త్వరగా నేర్చుకుంటారు.

ఇక పీప్, అంటే నారిలో బిగించిన, కన్ను పెట్టి చూసే చిన్న రంధ్రం. కళ్లు మూసుకుని నారి లాగి, చెయ్యిని దవడ దగ్గర ఎప్పుడూ ఆనించే చోట ఆనించి, అప్పుడు కళ్లు తెరవండి. పీప్ రంధ్రం కంటికి నేరుగా ఎదురుగా ఉండాలి. తల ఎత్తో దించో వెతుక్కోవాల్సి వస్తే పీప్‌ని పైకో కిందికో జరిపించాలి. దీనికి బో ప్రెస్, అంటే లింబ్‌లని వంచి నారిని వదులు చేసే యంత్రం, కావాలి, అది లేకుండా ఇంట్లో నారి విప్పే ప్రయత్నం చేయకండి. పీప్ రంధ్రం అంచూ, సైట్ చుట్టూ ఉన్న రింగూ ఒకదాంట్లో ఒకటి సరిగ్గా అమరినట్టు కనిపిస్తే ప్రతిసారీ కన్ను ఒకే చోటికి వస్తుంది.

చెయ్యి, దవడ, వీపు

ఫారం అంటే అందంగా నిలబడటం కాదు. మొదటి బాణానికి ఏం చేశారో నూరో బాణానికీ అదే చేయడం.

పాదాలు భుజాలంత ఎడంగా పెట్టండి, బరువు రెంటి మీదా సమానంగా ఉంచండి. నిలబడటం గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు. అసలు కథ ఎడమ అరచేతిలో ఉంది.

అరచెయ్యి తెరిచి చూసుకోండి. బొటనవేలి కింద ఉబ్బెత్తుగా ఉన్న కండ ఉంది కదా, దాని చుట్టూ తిరిగే గీత జీవనరేఖ. బో గ్రిప్ ఆ గీతకి బొటనవేలి వైపే ఉండాలి, గీత దాటి అవతలికి పోకూడదు. ఒక పని చేయండి. గ్రిప్ నడుమ సన్నగా సుద్ద రాసి, మామూలుగా బాణం వేసి, అరచెయ్యి చూసుకోండి. తెల్లటి మచ్చ బొటనవేలి మొదట్లో కండ మీద కురచగా, నిలువుగా ఉంటే సరిగ్గా పట్టుకున్నారు. మచ్చ గీత దాటి చిటికెనవేలి వైపు పాకితే మీరు బోని మెలిపెడుతున్నారు. నేను మొదటిసారి ఈ పరీక్ష చేసినప్పుడు పది బాణాల్లో నాలుగుసార్లు మచ్చ అవతలికి పాకింది. ఆ నాలుగు బాణాలే ఎడమకి పోయినవి. ఎన్నో రోజులుగా సైట్‌లో వెతికిన తప్పు అరచేతిలో సుద్దమచ్చగా కనిపించింది.

చెయ్యి సరిగ్గా పెడితే వేళ్ల కణుపులు నిలువుకి 45 డిగ్రీలు ఏటవాలుగా వస్తాయి. వేళ్లు వదులుగా ఉండాలి. బో పడిపోతుందేమోనన్న భయంతోనే అందరూ బిగించి పట్టుకుంటారు, అందుకని మణికట్టు పట్టీ వాడండి. బోని పట్టుకోవద్దు, చేతిని దానికి ఆనిక ఇవ్వండి చాలు.

ఎడమ భుజం కిందికి, చెవికి దూరంగా ఉండాలి. లాగుతున్నకొద్దీ అది పైకి ఎగబాకుతుంటే బరువు ఎక్కువైనట్టే. కుడిచెయ్యికి ఆనిక దవడ ఎముక. నారిని పట్టుకుని ట్రిగ్గర్‌తో వదిలే పరికరమే రిలీజ్. మణికట్టు రిలీజ్ వాడేవాళ్లకి చూపుడువేలి కణుపు దవడ అంచుకి తగులుతుంది, చేత్తో పట్టుకునే రిలీజ్ వాడేవాళ్లకి రెండు కణుపుల మధ్య సందులో దవడ ఎముక ఒదుగుతుంది. నారి ముక్కు కొసకి తగిలీ తగలనట్టు ఉండాలి. నారి దగ్గరికి ముఖాన్ని తీసుకెళ్లొద్దు, ముఖం దగ్గరికే నారి రావాలి.

వదలడం అన్నిటికంటే కష్టం. పిన్, అంటే సైట్‌లోని గురి చుక్క, నడిమి మీదికి రాగానే ట్రిగ్గర్‌ని టక్కున నొక్కాలనిపిస్తుంది. ఆ టక్కులో చెయ్యి కదులుతుంది. వేలిని ట్రిగ్గర్ చుట్టూ ఒంచి ఉంచండి, కుడి భుజం రెక్కని వెన్నుపూస వైపు మెల్లగా లాగుతూ ఉండండి. ఆ లాగుడుకే ట్రిగ్గర్ తెగాలి, ఎప్పుడు తెగిందో మీకే తెలియకూడదు. పిన్ కాస్త ఊగుతుంది, ఊగనివ్వండి. ప్రపంచంలో ఎవరి పిన్నూ రాయిలా నిలబడదు. బాణం వెళ్లాక కూడా, అది టార్గెట్‌కి తగిలిన చప్పుడు వినేదాకా, బో చెయ్యి దించకండి. ఆ కాస్త ఓపిక ఎడమచేతి తప్పుల్ని చాలావరకు తీసేస్తుంది.

ఇవన్నీ నేర్వడానికి టార్గెట్ బొమ్మ అక్కర్లేదు. వట్టి బేల్ (బాణాల్ని ఆపే దిమ్మె) ముందు, మూడు మీటర్ల దూరంలో నిలబడండి. గురి లేదు, స్కోరు లేదు. బాణం బేల్ నడిమికి చూపిస్తోందని నిర్ధారించుకుని, కళ్లు మూసుకుని వదలండి. మొదటి వారం రోజుకి ముప్పై బాణాలు ఇలా వేయండి. విసుగ్గా ఉంటుందని తెలుసు. అయినా ఈ వారం దాటవేయొద్దని బతిమాలి చెబుతున్నాను. దీనివల్ల ఇంకో మేలు కూడా ఉంది: కొత్త నారి మొదటి ఒకటి రెండు వందల బాణాల దాకా కొద్దికొద్దిగా సాగుతుంది, పీప్ పక్కకి తిరుగుతుంది. మీరు కుదురుకునే వేళకి నారీ కుదురుకుంటుంది. అంతకుముందు పెట్టిన సైట్ ఎలాగూ నిలవదు.

ఇప్పుడు సైట్

ముందు సైట్ రింగులో ఉండే నీటిబుడగ చూడండి. దారానికి బరువు కట్టి వేలాడదీసి, నారిని ఆ దారం పక్కన నిలువుగా పట్టుకోండి. బుడగ సరిగ్గా మధ్యలో ఉండాలి. లేకపోతే సైట్ రింగు వాలును సరిచేయండి. బుడగ తప్పు చెబితే దూరం పెరిగేకొద్దీ బాణాలు పక్కకి జారుతాయి, కారణం ఎంతకీ దొరకదు.

ఆపైన పిన్‌లనీ, నారినీ, బాణాన్నీ వెనకనుంచి చూడండి. నారి బాణాన్ని నిలువునా కప్పినప్పుడు పిన్ కూడా దాదాపు అదే గీత మీద ఉండాలి. మొదటి బాణం టార్గెట్ తప్పిపోకుండా ఈ మాత్రం అమరిక చాలు.

మొదటి బాణాలు 5 మీటర్ల నుంచి. మరీ దగ్గర్లో బాణం గురి కంటే కొంచెం కింద తగులుతుంది, ఎందుకంటే అది మీ కంటికి నాలుగైదు అంగుళాల కిందనుంచి బయల్దేరుతుంది. దాన్ని సరిదిద్దకండి. కుడిఎడమలు మరీ తేడాగా ఉంటేనే ముట్టుకోండి. 10 మీటర్లకి వెళ్లండి, ఆ తర్వాత 20. పిన్‌ల సైట్ అయితే అన్నిటికంటే పైన ఉన్న పిన్ని 20కి పెట్టుకోండి.

20 మీటర్ల దగ్గర ఐదు బాణాలు వేయండి. మీకే తెలిసి చెడగొట్టిన బాణం ఉంటే దాన్ని లెక్కలోంచి తీసేయండి, కానీ అది చెడిందన్న సంగతి టార్గెట్ దగ్గరికి నడవకముందే తేల్చుకోండి. మిగిలినవాటి నడిమి ఎక్కడుందో చూడండి. ఇప్పుడు ఒక్కటే సూత్రం: బాణాలు ఎటు పోతే పిన్ని అటే జరపండి. ఎడమకి పడితే ఎడమకి, పైకి పడితే పైకి. మొదట్లో ఇది తిరకాసుగా తోస్తుంది. పిన్ని ఎడమకి జరిపితే, దాన్ని మళ్లీ నడిమి మీదికి తేవడానికి మీరు బోని కుడికి తిప్పాలి, దాంతో బాణం కుడికి వస్తుంది. ఒకసారి ఇలా ఊహించుకుంటే ఇక మరిచిపోరు.

ఎంత జరపాలో లెక్క కట్టొచ్చు. కంటికీ పిన్‌కీ మధ్య దూరం చాలామందికి 80, 90 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. టార్గెట్ దూరాన్ని దానితో భాగిస్తే చాలు. 20 మీటర్ల దగ్గర పిన్ 1 మిల్లీమీటరు జరిగితే బాణం 22 నుంచి 25 మిల్లీమీటర్లు జరుగుతుంది. 50 మీటర్ల దగ్గర అదే మిల్లీమీటరు 6 సెంటీమీటర్లవుతుంది. అంతర్జాతీయ పోటీల్లో కాంపౌండ్ వాళ్లు 50 మీటర్ల నుంచి వేసే టార్గెట్‌లో పది పాయింట్ల వలయం అడ్డంగా 8 సెంటీమీటర్లు. అంటే నడిమి నుంచి అంచుకి 4 మాత్రమే. పిన్ ఒక్క మిల్లీమీటరు తప్పితే పది పోయినట్టే. అందుకే దూరం పెరిగేకొద్దీ చెయ్యి తేలిక చేయండి, జరిపిన ప్రతిసారీ స్క్రూ బిగించాకే వేయండి. వదులుగా ఉన్న స్క్రూ వల్ల నా సైట్ ఒక పూట మొత్తం దొంగచాటుగా కిందికి జారింది.

ఒకసారికి ఒక దిక్కే సరిచేయండి. నా అలవాటు ముందు పైకిందులు, తర్వాత కుడిఎడమలు. సైట్ జరిపాక మళ్లీ ఐదు బాణాలు. గుంపు నడిమికి వచ్చాక ఆ రోజుకి ఆపేసి, మర్నాడు చలిగా, కండలు పట్టేసి ఉన్నప్పుడు ఇంకో ఐదు వేసి చూడండి. రెండు రోజులూ ఒకే చోట పడితేనే ఆ అంకె నమ్మదగ్గది.

తర్వాత 30, 40, 50. ఒక్కో దూరానికీ కింది పిన్ని ఇలాగే పెట్టుకోండి. ఒకే పిన్ పైకీ కిందికీ జరిగే సైట్ అయితే ప్రతి దూరానికీ అంకె రాసుకోండి. కుడిఎడమల చివరి సర్దుబాటు మీరు వేయగల అతి పెద్ద దూరంలో, గాలి లేనప్పుడు చేయండి. దగ్గర్లో కనిపించని తేడా అక్కడ బయటపడుతుంది.

దూరంలో పక్కకి జారితే

20లో నడిమికీ 40లో ఎడమకీ పడుతున్నాయంటే సైట్‌తో తీరదు. టార్గెట్ మీద నిలువుగా ఒక టేప్ అంటించి, పైభాగాన ఒక చుక్క పెట్టండి. 20 మీటర్ల పిన్‌తోనే ఆ చుక్కకి గురిపెట్టి 20, 30, 40 మీటర్ల నుంచి వేయండి. బాణాలు దూరంతో కిందికి దిగుతాయి, అది మామూలే. టేప్ మీదే దిగితే మంచిది. ఎడమకి ఏటవాలుగా దిగితే రెస్ట్‌ని (బోలో బాణం ఆనుకునే భాగాన్ని) కుడికి అర మిల్లీమీటరు జరపండి, కుడికి దిగితే ఎడమకి. ఆ తర్వాత 20 పిన్ని మళ్లీ కుదర్చుకోవాలి.

కాగితం పరీక్ష కూడా పెట్టుకోవచ్చు. చట్రానికి బిగించిన కాగితంలోంచి సుమారు రెండు మీటర్ల దూరం నుంచి బాణం వేయండి, వెనక బేల్ ఉంచి. ములికి చేసిన రంధ్రం చుట్టూ ఈకల గుర్తులు సమంగా ఉంటే బాణం నేరుగా పోతోంది. ఈకల చీలిక రంధ్రానికి పైన ఉంటే బాణం తోక పైకెగురుతోంది, రెస్ట్‌ని కొంచెం పైకెత్తండి లేదా నారి మీద నాక్ (బాణం తోకలోని గాడి) పట్టే చోటుని దించండి. చీలిక పక్కకి ఉంటే రెస్ట్ ముట్టుకోకముందు సుద్ద పరీక్ష మళ్లీ చేయండి. మచ్చ సరిగ్గా ఉండి కూడా చీలిక పోకపోతేనే రెస్ట్.

అన్నీ సరిగ్గా ఉన్నా గుంపు పైకీ కిందికీ సాగుతుంటే రెండు క్యామ్‌ల టైమింగ్ చూపించండి. పూర్తిగా లాగినప్పుడు రెంటి స్టాప్‌లూ (నారిని ఆపే భాగాలు) ఒకే క్షణాన తగలాలి. మీరు లాగుతుండగా ఇంకొకరు పక్కనుంచి చూడాలి.

వారానికి ఎలా పంచుకోవాలి

ప్రతి సాధనా వట్టి బేల్ ముందు పది బాణాలతో మొదలుపెట్టండి. తర్వాత దూరం. అలసట మొదలైన గుర్తు పిన్ ఊగడం కాదు, ఎడమ భుజం లేవడం. అది లేచిన వెంటనే ఆపేయండి, ఆ తర్వాత వేసే ప్రతి బాణమూ తప్పుడు అలవాటుని నేర్పుతుంది. లాగాక ఏమాత్రం తేడాగా తోచినా వదలకుండా నెమ్మదిగా వెనక్కి దించండి. బాణం ముందువైపే ఉండాలి, వేలు ట్రిగ్గర్‌కి దూరంగా. మొదట్లో ఇది కూడా వేరుగా సాధన చేయాల్సిందే, నారి ముందుకి లాక్కుపోయే బలం ఊహించినదానికంటే ఎక్కువ.

నారి పోగులు పొడిబారినట్టు కనిపిస్తే మైనం రాయండి, దారం చుట్టిన చోట్ల మాత్రం వద్దు. డ్రా వెయిట్ మార్చినా, బాణాలు మార్చినా, నారి మార్చినా రాసుకున్న అంకెలన్నీ చెల్లవు. అందుకే నా పుస్తకంలో ప్రతి అంకె పక్కనా మూడు విషయాలుంటాయి: తేదీ, లింబ్ బోల్టులు ఎన్ని చుట్లు వదులుగా ఉన్నాయో, ఏ బాణాలో. రెండు వందల బాణాలు దాటాక 20 మీటర్ల అంకెని ఇంకోసారి సరిచూసి, పాతదాన్ని కొట్టేయకుండా కొత్తదాన్ని దాని కింద రాయండి.